సామాన్ల దగ్గర మనిషి

స్టేషన్‌లో సామాన్ల గది కౌంటరు వెనక కూర్చునే మనిషికి మొహాలకన్నా ముందు సంచులు కనిపిస్తాయి. ఆ రోజు పొద్దున్నే బల్ల మీదికి పెద్ద నీలం బ్యాగు ఒకటి వచ్చింది. ఆమె పట్టీ పట్టుకుని కాస్త లేపి చూసింది. లోపల బూట్లున్నాయి. అడుగున ఏదో గాజు సీసా ఉంది. దాన్ని పడుకోబెట్టకుండా కింది అరలో నిలబెట్టి, చీటీలో సగం చింపి పట్టీకి కట్టి, మిగతా సగం ఇవ్వడానికి అప్పుడు తలెత్తింది.

ఎదురుగా ఉన్న అమ్మాయికి భుజం మీద ఏమీ లేదు. చేతుల్లోనూ ఏమీ లేదు. నడుం చుట్టూ వెడల్పాటి పట్టీ, దానికి వెనకవైపు కుదురుగా కూర్చున్న చిన్న సంచి. సంచిని పొట్ట మీదికి తిప్పుకుని, జిప్పు తీసి చీటీ లోపల పడేసి, మళ్ళీ వెనక్కి తోసేసింది.

"కొండెక్కి సాయంత్రానికల్లా వచ్చేస్తానండీ."

"కొండకి ఏమీ తీసుకెళ్ళవా మరి?"

"నాక్కావల్సినవన్నీ ఇందులో ఉన్నాయండీ. మిగతావి మీ దగ్గరుండనివ్వండి," అని చేతులూపుకుంటూ వెళ్ళిపోయింది.

మిగతావి మీ దగ్గరుండనివ్వండి. ఆ మాట ఆమెకి కొత్తేమీ కాదు. వారమంతా వచ్చేపోయేవాళ్ళు అనే మాటే. ఆదివారం నాడు ఇంట్లోవాళ్ళు అంటారు, అంతే తేడా.

ఆదివారం కొండ నడక ఆ ఇంట్లో ఎప్పట్నించో ఉన్న అలవాటు. ఆమె, కళ్ళద్దాల షాపులో పనిచేసే భర్త, భర్త అక్కగారు, ఆ అక్కగారి మొగుడు. నలుగురి సామానూ ఒకే బ్యాగులో, ఆ బ్యాగు ఆమె వీపు మీద. ఇలాగే ఉండాలని ఎవరూ ఎన్నడూ అనలేదు. సర్దేది ఆమె కాబట్టి ఏది ఎక్కడుందో ఆమెకే తెలుస్తుందనీ, తెలిసినావిడ దగ్గరుంటే తీసివ్వడం తేలికనీ, అలా అలా అది వీపెక్కి కూర్చుంది. శిఖరానికి ఇంకాస్త కిందుండగా పెద్ద బండ ఒకటి వస్తుంది. అక్కణ్ణించి దారి నిటారుగా లేస్తుంది. రాళ్ళు పట్టుకుని ఎక్కాలి, బరువుతో కుదరదు. కింద సంచులొదిలేస్తే కోతులు బతకనివ్వవు.

"నువ్వు సామాన్ల దగ్గర కూర్చో, మేం ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాం," అంటాడు భర్త.

ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆమే. ఓ కర్ర చేతబట్టుకుని, కోతుల్ని అదిలిస్తూ, ఎండ జరిగినకొద్దీ తనూ జరుగుతూ కూర్చుంటుంది. వాళ్ళు దిగొస్తారు. భర్త జేబులోంచి ఎర్రచారల తెల్లరాయి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టి, "పైనుంచి," అంటాడు. ఆ రాయిని ఇంటికి తీసుకెళ్ళి కడిగి వంటింటి కిటికీలో పెడుతుంది. అక్కడిప్పుడు పాలగిన్నె పెట్టే చోటు కూడా లేదు.

"మన ఇల్లు కనబడిందా?" అని ప్రతిసారీ అడుగుతుంది.

"ఎందుక్కనబడదూ? నీళ్ళ ట్యాంకు పక్కనే!" అంటాడు ప్రతిసారీ.

తన ఇంటిని అంత ఎత్తునుంచి ఒక్కసారి చూడాలని ఆమెకెంత ఆశో ఆయనకి తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి ఆయన తప్పనలేం. అడక్కపోతే అమ్మయినా పెట్టదంటారు.

సాయంత్రం ఆ అమ్మాయి ఎండకి కందిపోయిన మొహంతో తిరిగొచ్చింది. ఆమె నీలం బ్యాగు తీసిచ్చి, నోరు తెరిచి అడిగేసింది.

"అది ఓసారి చూడొచ్చా అమ్మా?"

అమ్మాయి చటుక్కున బకిల్ విప్పి చేతికిచ్చింది. పట్టీ ఇంకా వెచ్చగా ఉంది. ఆమె అలవాటు కొద్దీ చేత్తో తూచింది.

"ఎంత పడుతుందేమిటి ఇందులో?"

"ఒక మనిషికి సరిపడా పడుతుందండీ."

*

మర్నాడు డ్యూటీ దిగి, టెంట్లూ తాళ్ళూ బూట్లూ అమ్మే షాపుకి వెళ్ళింది. అలాంటి షాపులో కాలు పెట్టడం అదే మొదలు. పొట్టి జుట్టు అమ్మాయి ఒకతి నిచ్చెన మీంచి దిగొచ్చింది.

"నడుముకి కట్టుకునే సంచి కావాలమ్మా. కొండకి. పొద్దున్నెక్కి మధ్యాహ్నానికి దిగే కొండ."

"హిప్ ప్యాకా ఆంటీ? ఉన్నాయి. ఏమేం పెట్టుకుంటారు? దాన్నిబట్టి చూపిస్తా."

ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చింది. "ఆయన స్వెట్టరు, ఆయన మోకాలి పట్టీ, వదిన శాలువా, అన్నయ్యగారి బిళ్ళలు, టీ ఫ్లాస్కు, నాలుగు గ్లాసులు, ఉడకబెట్టిన గుడ్లు, వేరుశెనక్కాయలు, నారింజపళ్ళు..."

"ఆంటీ, అవన్నీ పట్టాలంటే హిప్ ప్యాక్ కాదు, తోపుడుబండి కావాలి," అని నవ్వేసింది షాపమ్మాయి. "వాళ్ళవి వాళ్ళు తెచ్చుకుంటారు గానీ, మీవేంటో చెప్పండి."

ఆమె బొటనవేలు మడిచిన వేలి మీదే ఆగిపోయింది. తనవి. ఇంత చిన్న ప్రశ్నకి జవాబు వెంటనే రాకపోవడం ఆమెకే సిగ్గనిపించింది.

"నీళ్ళ సీసా," అంది కాసేపటికి. "కళ్ళజోడు. రుమాలు. ఫోను. ఓ నారింజపండు."

"చినుకులొస్తే?"

"అవును, పల్చటి కోటొకటి."

షాపమ్మాయి మూడు సంచులు బల్ల మీద పెట్టింది. మొదటిది చూడ్డానికి ముద్దుగా ఉంది. అందులో రెండు నీళ్ళ సీసాలు పడేసి ఆమె నడుముకి కట్టి, "ఆ మెట్లెక్కి దిగండి," అంది. షాపులో మేడ మీదికి మెట్లున్నాయి. మూడు మెట్లెక్కేసరికే సంచి అటూ ఇటూ కొట్టుకోవడం మొదలెట్టింది. ఆరో మెట్టుకి తుంటి కిందికి జారింది.

"ఇది మార్కెట్టుకి పనికొస్తుంది," అని ఆమె తనే విప్పేసింది.

రెండోదానికి అటొకటి ఇటొకటి సీసా గూళ్ళున్నాయి. బాగానే కూర్చుంది గానీ చేతులు వేలాడేస్తే మోచేతులు సీసాలకి తగులుతున్నాయి. మూడోది ఆకుపచ్చది. పట్టీ అరచేయంత వెడల్పు, లోపలివైపు మెత్త కుట్టి ఉంది. సీసా గూడు ఒక్కటే, అదీ వెనక ఏటవాలుగా.

"పొట్ట మీద కాదాంటీ, కిందికి. ఎముకల మీద కూర్చోవాలి. ఇప్పుడు బిగించండి. ఇదిగో ఈ పక్క తాళ్ళు రెండూ ముందుకి లాగితే సంచి ఒంటికి అంటుకుంటుంది."

లాగింది. నిజంగానే అంటుకుంది. మెట్లెక్కింది, దిగింది, వంగింది, కూర్చుని లేచింది. సీసా కోసం చెయ్యి వెనక్కి పెడితే వెతుక్కోకుండానే దొరికింది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల సంచులెత్తిందో, బరువు భుజాన్ని లాగకుండా ఉంటుందని మాత్రం ఆమెకి తెలియదు. అద్దంలో చూసుకుంది. రెండు చేతులూ ఏం చెయ్యాలో తెలియనట్టు పక్కన వేలాడుతున్నాయి.

"ఇది ఇచ్చెయ్యమ్మా," అంది.

*

శనివారం పొద్దున ఆమె స్టేషన్‌కి బయల్దేరుతుంటే భర్త ఆ ఆకుపచ్చ సంచిని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఇంత చిన్నదేమిటే? నా స్వెట్టరు ఒక్కటి పెడితే నిండిపోతుంది."

"నిండిపోతుందండీ," అని ఆమె చెప్పులేసుకుంది. ఆ మాటలో ఏదైనా ఉందేమోనని ఆయన ఆలోచించలేదు.

సాయంత్రం వచ్చేసరికి మంచం మీద ఆకుపచ్చ సంచి లేదు. దాని స్థానంలో బూడిదరంగు బ్యాగొకటి, నిలబెడితే ఆమె నడుం దాకా వచ్చేది, దర్జాగా ఆనుకుని కూర్చుంది. పక్కన నుంచుని భర్త మొహం వెలిగిపోతోంది.

"చూశావా? పాపం ఆ షాపులో నిన్ను మోసం చేశారు. నేను పోయి మార్పించుకొచ్చాను. దీనిక్కూడా నడుం పట్టీ ఉంది, చూడు. బరువంతా నడుం మీదే పడుతుందట, అసలు మోస్తున్నట్టే తెలియదట! అందరివీ పట్టగా ఇంకా చోటుంటుంది. ఎప్పుడూ భుజాలు నొప్పంటావుగా, అందుకే."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది, అది ఇంకా మండించింది. దుర్మార్గుడైతే నాలుగు తిట్టొచ్చు. ఈయన నిజంగానే తన భుజాల గురించి ఆలోచించి, ఎండలో నడిచెళ్ళి, మంచి బ్యాగేదో నలుగురినీ అడిగి తెచ్చాడు. బరువు దించాలని మాత్రం తోచలేదు. ఇంకా బాగా మోసే ఏర్పాటు చేశాడు.

ఓ నిమిషం ఆ బ్యాగునే చూసింది. తర్వాత పట్టీలు పట్టుకుని లేపింది.

"ఏదీ, ఓసారి వేసుకోండి."

"నేనా?"

"ఎలా ఉంటుందో చూద్దామని."

ఆయన చేతులు దూర్చాడు. ఆమె వెనక నుంచుని తాళ్ళు సరిచేసి, ముందుకొచ్చి నడుం పట్టీ ఎముకల మీదికి దించి బిగించింది, నిన్న తనకి షాపమ్మాయి బిగించినట్టే.

"కొలిచి కుట్టినట్టుంది," అంది. "మీకే ఉంచుకోండి. బరువు తెలియదట కదా."

ఆయన బ్యాగుతో సహా అలాగే నిలబడిపోయాడు. ఆమె చెప్పులు మళ్ళీ వేసుకుని, షాపు మూసేలోగా అందుకోవాలని గబగబా వీధిలోకి నడిచింది.

షాపమ్మాయి ఆమెని చూడగానే బల్ల కిందనుంచి ఆకుపచ్చ సంచి తీసింది.

"అరలో పెట్టలేదాంటీ. పొద్దున అంకుల్ తెచ్చినప్పుడే అనుకున్నా, దీని మనిషి మళ్ళీ వస్తుందని."

*

ఆదివారం పొద్దున వంటింటి బల్ల మీద సామాను నాలుగు కుప్పలుగా ఉంది. శాలువా వేరు, బిళ్ళలు వేరు, స్వెట్టరూ మోకాలి పట్టీ వేరు. నాలుగో కుప్ప ఆమె నడుముకి అప్పటికే ఎక్కేసింది.

"ఇదేమిటమ్మాయ్, సర్దలేదా ఇంకా?" అంటూ వచ్చింది ఆడపడుచు.

"సర్దేశాను వదినా. ఎవరివి వాళ్ళకి."

ఆడపడుచు శాలువా తీసి అలవాటుగా ఆమె వైపు చాపింది. ఆమె నడుం వైపు చూశాక ఆ చాపిన చెయ్యి తమ్ముడి వైపు తిరిగింది. బూడిదరంగు బ్యాగు మూతి తెరుచుకుని సిద్ధంగా ఉంది. అన్నయ్యగారి బిళ్ళలూ అందులోకే పోయాయి, ఫ్లాస్కూ పోయింది. భర్త వీపు చూసి అన్నయ్యగారు, "ఏం బావమరిదీ, ఊరొదిలి పోతున్నావా?" అని పెద్దగా నవ్వాడు. నవ్వాడు గానీ తన బిళ్ళలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కొండ మొదట్లో దారి నున్నగా ఉంటుంది. ఎప్పుడూ వెనకబడే ఆమె ఆ రోజు అందరికన్నా ముందుంది. కావాలని కాదు, కాళ్ళు అలా పడుతున్నాయి. చెట్టుకొమ్మ అడ్డమొస్తే చేత్తో తప్పించింది. దాహమేస్తే నడుస్తూనే తాగింది. వెనకనుంచి పిలుపులు మామూలుగానే వస్తున్నాయి, కాకపోతే ఆమెకి కాదు.

"ఒరే తమ్ముడూ, ఆగు, శాలువా ఇవ్వు."

"బావమరిదీ, మంచినీళ్ళు."

"ఒరే, ఎండెక్కింది, శాలువా లోపల పెట్టు."

ప్రతి పిలుపుకీ ఆయన ఆగాలి, బకిల్ విప్పాలి, దించాలి, వెతకాలి, మళ్ళీ ఎత్తుకోవాలి. ఏది ఎక్కడుందో తెలియక ఓసారి మొత్తం దారి మీద గుమ్మరించాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. జాలేసింది. వెళ్ళి సర్దిపెడదామని ఓ అడుగు కూడా వేసింది. ఆయన చెమట తుడుచుకుంటూ తలెత్తి, "నడుం మీద పడటమేమిటి నా మొహం, పడాల్సినచోటల్లా పడుతోంది," అనేసరికి నవ్వొచ్చి అక్కడే ఆగిపోయింది.

పెద్ద బండ దగ్గరికి చేరారు. కోతులు అప్పుడే చెట్ల మీద సర్దుక్కూర్చుంటున్నాయి. భర్త బ్యాగు దించి, ఊపిరి పీల్చుకుని, నోటికి అలవాటైన మాట అనేశాడు.

"నువ్వు సామాన్ల దగ్గర కూర్చో, మేం ఇలా వెళ్ళి..."

"నా సామాను నా నడుం మీదే ఉందండీ. నేనూ వస్తాను."

మామూలుగానే అంది. కానీ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పైన చాలా కష్టం చెల్లెమ్మా," అన్నాడు అన్నయ్యగారు. "నాచు పట్టి జారుతుంది. చూస్తూ చూస్తూ ఆడవాళ్ళని..."

"వదిన ఎక్కుతోందిగా అన్నయ్యగారూ."

ఆడపడుచు చీర కొంగు కుచ్చులు లెక్కపెడుతున్నట్టు వాటినే చూస్తోంది. ఆమె ఇంక ఆగలేదు. బండ పక్కగా రాళ్ళు పట్టుకుని ఎక్కడం మొదలెట్టింది. వెనక బూడిదరంగు బ్యాగు రాళ్ళకి రాసుకుంటున్న చప్పుడు. సామాను కోతులకి వదలడం ఇష్టంలేక ఆయన దాన్ని ఈడ్చుకొస్తున్నాడు.

ఎంతో దూరం లేదు. మలుపు తిరగ్గానే పైన రాయి గొడుగులా ముందుకొచ్చి, కింద చదునుగా నలుగురు పడుకునేంత నీడ ఉంది. దారి ఆ నీడ పక్కనుంచి ఇంకా పైకి పోతోంది. ఆమె దాటిపోయేదే. కాలికింద ఏదో గలగలమంటే చూసింది. వేరుశెనగ తొక్కలు. మూలన నారింజ తొక్కలు, కొన్ని ఎండి నల్లబడినవి, కొన్ని మొన్నటివి. తను ఒలవడానికి వీలుగా పైన గాటు పెట్టి వాళ్ళకి కట్టిచ్చే పళ్ళు. ఆ గాట్లు అలాగే ఉన్నాయి. ఆ తొక్కల మధ్య, నేలంతా, ఎర్రచారలున్న తెల్లరాళ్ళు.

ఆమె వంగి ఒకటి తీసింది. ఇంట్లో కిటికీ నిండా ఉన్నవి ఇవే. ఒక్కొక్కదాన్నీ కుళాయి కింద పెట్టి, మట్టి పోయేదాకా వేలితో రుద్ది, తుడిచి పెట్టుకుంది. పైనుంచి వచ్చాయని.

వెనక ముగ్గురూ వచ్చి తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

"ఇక్కడిదాకేనా?" అంది.

భర్త బ్యాగు దించాడు. మోకాలి మీద చెయ్యేసుకుని మెల్లిగా రాయి మీద కూర్చున్నాడు.

"మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడికొచ్చేసరికి మోకాలు పట్టేసింది. బావకి ఆయాసం. ఇంక వల్లకాక పడుకున్నాం. కిందికొస్తే నువ్వు ఎదురొచ్చి, పైన ఎలా ఉంది, ఇల్లు కనబడిందా అన్నావు. అంత ఆశగా అడిగితే ఏం చెప్పను? కనబడిందన్నాను. తర్వాత ఇంక..."

"మార్చడానికి లేకుండా పోయింది చెల్లెమ్మా," అన్నాడు అన్నయ్యగారు నేల చూస్తూ.

"నేను ఎండలో కోతుల్ని తోలుతున్నాను," అంది ఆమె. "మీరిక్కడ నీడలో పడుకున్నారు."

గొంతు పెంచలేదు. ఆమెకి ఏడవాలని ఉంది, ఆ తొక్కలన్నీ ఏరి వాళ్ళ మీద పొయ్యాలని ఉంది, మూతి బిగించుకుని నిలబడ్డ ముగ్గురు పెద్దమనుషుల్ని చూస్తే నవ్వాలనీ ఉంది. చేతిలో రాయి కింద పెట్టేసింది. నడుం పక్క తాళ్ళు రెండూ ముందుకి లాగి బిగించింది.

"మీరు సామాన్ల దగ్గర కూర్చోండి," అంది భర్తతో. "నేను వెళ్ళొస్తాను."

పైన కష్టమే. ఆ మాట మాత్రం వాళ్ళు తెలియకుండానే నిజం చెప్పారు. రెండు చేతులూ రాతికి కరిపించి, కాలు ఎక్కడ పెట్టాలో ముందు చూసుకుని, అప్పుడు లేవాలి. ఓచోట మధ్యలో ఆగిపోయింది. దిగిపోదామా అనిపించింది. ఆగి, చెయ్యి వెనక్కి పెట్టి, సీసా తీసి రెండు గుక్కలు తాగింది. సంచి ఎముకల మీంచి కదల్లేదు. మళ్ళీ ఎక్కింది.

శిఖరం గొప్పగా ఏమీ లేదు. ఎండిన గడ్డి, విరిగిన సిమెంటు దిమ్మె, నల్లటి గరుకు రాళ్ళు. గాలి మాత్రం చెవుల్లో హోరెత్తిస్తోంది. ఆమె ఊరి వైపు తిరిగి కళ్ళజోడు పెట్టుకుంది. నీళ్ళ ట్యాంకు కోసం చూసింది, చాలాసేపు చూసింది. ఊరికీ తనకీ మధ్య కొండ భుజం ఒకటి అడ్డంగా ఉంది. ట్యాంకూ లేదు, ఇల్లూ లేదు. ఆ భుజానికి ఇవతల స్టేషన్ పొడుగాటి రేకుల కప్పు ఒక్కటి కనిపించింది. అందులో ఏ మూలనో తన గది. అగ్గిపెట్టెంత ఉందో లేదో, అందులో రోజూ అన్ని సామాన్లు ఎలా పట్టిస్తోందో.

ఇల్లు కనబడలేదని బాధపడాలి. కానీ అంత దూరం వచ్చి, అంతా తన కళ్ళతో చూశాక, బాధ రాలేదు. దిమ్మె మీద కూర్చుని నారింజపండు తీసింది. గాటు పెట్టడం మర్చిపోయింది, పళ్ళతో కొరికి ఒలిచింది. ఎవరికీ తొనలు పంచకుండా పండంతా ఒక్కతే తిన్న గుర్తు ఆమెకి లేదు. ఆఖరి తొన కూడా తినేసి, తొక్కలు సంచిలో పెట్టుకుంది.

దిగొచ్చేసరికి అన్నయ్యగారూ ఆడపడుచూ నీడలో కునుకు తీస్తున్నారు. భర్త పడుకోలేదు. బూడిదరంగు బ్యాగు పక్కన, చేతిలో కర్ర పట్టుకుని, కోతుల వైపు ఓ కన్నేసి కూర్చున్నాడు. నీడ జరిగిపోయి మొహం మీద ఎండ పడుతోంది. ఆమెని చూడగానే లేవబోయాడు, మోకాలు సహకరించలేదు.

"వెళ్ళావా? పై దాకా?"

ఆమె సంచిని ముందుకి తిప్పుకుని, జిప్పు తీసి, నల్లటి గరుకు రాయి ఒకటి ఆయన అరచేతిలో పెట్టింది.

"పైనుంచి," అంది.

ఆయన దాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. ఆ తర్వాత చిన్నగా అడిగాడు.

"మన ఇల్లు కనబడిందా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఇన్ని ఆదివారాలు తన మొహం కూడా ఇలాగే ఉండేదేమో.

"ఎందుక్కనబడదూ," అంది. "నీళ్ళ ట్యాంకు పక్కనే."

నిజమా అన్నట్టు ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు. మళ్ళీ రాయి వంక, మళ్ళీ పైకి పోయే దారి వంక చూశాడు. ఆమె జిప్పు వేసుకుని, సంచిని వెనక్కి తోసుకుని, రెండు చేతులూ ఖాళీగా కిందికి నడిచింది.